ప్రోటీన్‌ను తూచి మడత కనిపెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు డిగ్రీ కాలేజీల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా నన్ను చుట్టుముట్టే ప్రశ్నలివి. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే తూచే యంత్రంతో ప్రోటీన్ మడతలను ఎలా తెలుసుకుంటామన్నదే వీటి విషయం. అక్కడి మన పిల్లల చదువు ఎలా సాగుతుందో నాకు తెలుసు, నేనూ అలాగే చదివాను: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. మూడు భాషలు తిరిగి వచ్చేసరికి విషయం అరిగిపోయి చేతికి అందుతుంది. అందుకని అడిగినవి అడిగినట్టే పెట్టి, జవాబులు తెలుగులో రాస్తున్నాను. కొన్ని జవాబులు సాగాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

ప్రోటీన్ మడతపడటం అంటే ఏమిటి?

కణంలో ప్రోటీన్ తయారయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలు ఒకదాని వెనుక ఒకటి దండలా గుచ్చుకుంటూ వస్తాయి. చాలా ప్రోటీన్లు దండగా ఉన్నంతసేపూ పనికిరావు. నీరంటే గిట్టని భాగాలు లోపలికి, నీటితో పొసిగే భాగాలు పైకి సర్దుకుని ఒక నిర్దిష్టమైన ఆకారం వచ్చాకే పని మొదలవుతుంది. ఆ సర్దుకోవడమే మడత. అలా మడతపడిన గొలుసులు రెండో, నాలుగో, పద్నాలుగో కలిసి ఒకే యంత్రంలా పనిచేస్తే దాన్ని కూర్పు అంటున్నాను.

క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ అనే అమెరికా శాస్త్రవేత్త రైబోన్యూక్లియేజ్ అనే చిన్న ప్రోటీన్‌ను రసాయనాలతో పూర్తిగా విప్పేసి, ఆ రసాయనాలను తొలగించి చూశాడు. అది తనంతట తానే మళ్లీ మడతపడి పని చేయడం మొదలుపెట్టింది. ఆ ప్రోటీన్‌లో గంధకం ఉన్న సిస్టీన్లు 8. అవి జంటలు కట్టడానికి 105 దారులున్నాయి, సరైనది ఒక్కటే. ఎవరూ చెప్పకుండానే ఆ ఒక్కటి దొరికించుకుంది. ఆయనకు 1972లో నోబెల్ వచ్చింది. 'మరి ఉడికిన గుడ్డు పచ్చిది కాదేం?' అని పర్లాకిమిడిలో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. గుడ్డులో ప్రోటీన్లు ఇరుకుగా ఉంటాయి. విప్పుకున్న గొలుసులు తమలో తాము మడతపడే లోపే పక్కవాటితో చిక్కుపడి ముద్దయిపోతాయి. మడతకూ ముద్దకూ మధ్య ఎప్పుడూ పోటీయే.

మాస్ స్పెక్ట్రోమీటర్ బరువు తూచే యంత్రం కదా, దానికి ఆకారం ఎలా తెలుస్తుంది?

తెలియదు. ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో దీన్ని ప్రోటీన్ల ఫోటో తీసే యంత్రంలా రాస్తారు. అది తరాజు, అంతే. అదీ సూటిగా బరువు చెప్పదు, బరువును విద్యుదావేశంతో భాగిస్తే వచ్చే అంకె చెబుతుంది. ఆకారం గురించి మనకు తెలిసేదంతా తరాజు మీద పెట్టకముందు ప్రోటీన్‌కు మనం ఏం చేశామన్న దాని మీద ఆధారపడుతుంది. దేనిలో నానబెట్టాం, ఎంతసేపు నానబెట్టాం, ఎప్పుడు ఆపాం, దేనితో కోశాం? ప్రశ్న అడిగేది రసాయనశాస్త్రం, జవాబు లెక్కగట్టేది యంత్రం. కోట్లు పెట్టి యంత్రం కొని, నమూనా తయారీకి మాత్రం ఓపిక లేనివారికి అందులోంచి అంకెలు వస్తాయి కానీ జవాబులు రావు.

అంత పెద్ద అణువు గాలిలోకి ఎలా లేస్తుంది? కాలిపోదా?

వేడి చేసి ఆవిరి చేద్దామంటే కాలిపోతుంది, అందుకే చాలాకాలం ప్రోటీన్లు ఈ యంత్రానికి అందలేదు. జాన్ ఫెన్ ప్రోటీన్ ద్రావణాన్ని సన్నని సూదిలోంచి, కొన్ని వేల వోల్టుల కింద, తుంపరగా చిమ్మించాడు. ఒక్కొక్క తుంపర ఆరుతూ చిన్నదై, ఆవేశం ఒత్తిడికి చిట్లి, చివరికి ఆవేశం అంటుకున్న ఒంటరి ప్రోటీన్ మిగులుతుంది. కోయిచి తనాకా లేజర్‌తో మరో దారి కనిపెట్టాడు. 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం వీరిద్దరికీ వచ్చింది. మడతల పనికి ఎక్కువగా వాడేది ఫెన్ తుంపర పద్ధతే, ఎందుకంటే అందులో ప్రోటీన్ నీటిలోంచి నేరుగా వస్తుంది.

ఒకే ప్రోటీన్ పెడితే అన్ని శిఖరాలు ఎందుకు కనిపిస్తాయి?

యంత్రం గీసే పటంలో, ఒక అంకె దగ్గర అణువులు ఎక్కువగా వచ్చినచోట గీత పైకి లేస్తుంది, అదే శిఖరం. ప్రతి ప్రోటీన్ అణువు మీదా ఒకే సంఖ్యలో ఆవేశాలు ఉండవు కాబట్టి అన్ని శిఖరాలు. కొన్నింటి మీద 16 ప్రోటాన్లు, కొన్నింటి మీద 17 అంటుకుంటాయి. బరువు ఒకటే, భాజకం వేరు.

ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి, భయం పోతుంది. మామూలు హిమోగ్లోబిన్ కూర్పును మెత్తగా తుంపర చేస్తే 3792.3 దగ్గర ఒక శిఖరం, 4029.3 దగ్గర దాని పక్క శిఖరం వచ్చాయనుకోండి. రెంటి మధ్య తేడా 237.0. చిన్న అంకెలోంచి ప్రోటాన్ బరువు 1 తీసేసి 237తో భాగిస్తే 16 వస్తుంది. అంటే పెద్ద అంకె దగ్గరున్నది 16 ఆవేశాలది. 4029.3లోంచి 1.007 తీసి 16తో హెచ్చిస్తే సుమారు 64,453 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక ప్రోటాన్ బరువు). ఆల్ఫా గొలుసు 15,126, బీటా గొలుసు 15,867, ఇనుమును పట్టుకుని ఉండే చిన్న అణువు హీమ్ 616. రెండు ఆల్ఫాలు, రెండు బీటాలు, నాలుగు హీమ్‌లు కూడండి. రెండు మూడు డాల్టన్ల తేడాతో సరిపోతుంది. నిజం నమూనాలో సోడియం, నీరు పట్టుకుని వచ్చి అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది. దుకాణంలో సంచితో సహా తూచినట్టు.

మడత విప్పుకున్న ప్రోటీన్‌ను గుర్తుపట్టేది ఎలా?

తేలికైన గుర్తు ఆవేశాల సంఖ్యే. మూసిన ప్రోటీన్‌కు బయటి ఉపరితలం తక్కువ, ప్రోటాన్లు కూర్చోవడానికి చోటూ తక్కువ. విప్పుకుంటే చోటే చోటు. గుర్రం కండరంలోని మయోగ్లోబిన్‌ను అమ్మోనియం అసిటేట్ ద్రావణంలో పెడితే హీమ్‌ను కడుపులో పెట్టుకునే, 7, 8, 9 ఆవేశాలతో వస్తుంది. బరువు 17,567. అదే ప్రోటీన్‌కు ఆమ్లం, మిథనాల్ కలిపితే హీమ్ జారిపోయి, 16,951 బరువుతో, 20 దాకా ఆవేశాలు మోసుకుని శిఖరాల వరుస ఎడమవైపుకు జరిగిపోతుంది. ఆవేశాల తీరును చూసి ఆకారం చెప్పవచ్చని 1990లో సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ మీద చూపించినవారు చౌదరి, కట్టా, చైట్. ఈ పేర్లు చదివినప్పుడు క్లాసులో కట్టా దగ్గర మనవాళ్లు తలెత్తి చూస్తారు.

అయితే ఇది మోటు గుర్తు. ప్రోటీన్ విప్పుకుందని చెబుతుంది, ఎక్కడ విప్పుకుందో చెప్పదు.

ఎక్కడ విప్పుకుందో తెలుసుకోవాలంటే?

గుణుపురం సంతకు వెళ్దాం. కొండల మీది నుంచి చింతపండు దిగుతుంది. మధ్యలో ఏ దళారి అయినా బరువు కోసం నీళ్లు చల్లాడేమోనని కొనేవాడు ముద్దను విరిచి లోపల వేలు పెట్టి చూస్తాడు. గట్టిగా నొక్కిన ముద్ద అయితే పైపొర తడుస్తుంది, నడిమి భాగం పొడిగానే ఉంటుంది. వదులు ముద్ద అయితే క్షణంలో లోపలిదాకా తడిసిపోతుంది. కాబట్టి ముద్దను నీళ్లలో పది సెకన్లు ముంచి తూచి, నిమిషం ముంచి తూచి, గంట ముంచి తూచితే, చూడకుండానే అది ఎంత గట్టిగా నొక్కినదో చెప్పవచ్చు. విరిచి ముక్కముక్కగా తూచితే ఏ మూల వదులో కూడా తెలుస్తుంది.

ప్రోటీన్‌తో చేసేది అచ్చంగా ఇదే, కాకపోతే మామూలు నీటి బదులు భారజలం. ప్రోటీన్ వెన్నెముకలో ప్రతి అమైనో ఆమ్లం దగ్గరా, ఒక్క ప్రోలీన్ దగ్గర తప్ప, నైట్రోజన్‌ను పట్టుకుని ఒక హైడ్రోజన్ ఉంటుంది. అది చుట్టూ ఉన్న నీటి హైడ్రోజన్‌తో స్థానం మార్చుకుంటూనే ఉంటుంది. భారజలంలో వేస్తే దాని స్థానంలో డ్యుటీరియం, అంటే రెట్టింపు బరువున్న హైడ్రోజన్, వచ్చి కూర్చుంటుంది. ఒక్కో మార్పిడికి 1 డాల్టన్ పెరుగుతుంది. మడత లోపల హైడ్రోజన్ బంధంలో ఇరుక్కున్నది గంటలు, రోజులు మారకుండా ఉండగలదు. బయట వేలాడేది సెకన్లలోనే మారిపోతుంది. తుంపర పద్ధతితో ఈ పని చేసి చూపించింది కట్టా, చైట్‌లే, 1991లో.

పది సెకన్లకు కొంత, నిమిషానికి కొంత, గంటకు కొంత తీసి, ఒక్కసారిగా పీహెచ్ 2.5కు, ఐసులో పెట్టి సున్నా డిగ్రీలకు దింపుతాం. అక్కడ మార్పిడి లక్ష రెట్ల దాకా నెమ్మదిస్తుంది. ఆ ఆమ్లంలో కూడా పనిచేసే ఎంజైమ్ పెప్సిన్, మన కడుపులో ఉండేదే. దానితో ప్రోటీన్‌ను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ తూస్తాం. పెరగని ముక్క మడత నడిమిది, గబగబా పెరిగింది బయటిది. విరిచిన చింతపండు ముద్దే.

ఆ ఐసు అంత ముఖ్యమా?

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు మే నెలలో ఒక రాత్రి 32 గొట్టాలు సిద్ధం చేసుకుని, ఐసు సగం కరిగిందని తెలిసి కూడా 'ఇంకో గంటేగా' అనుకున్నాను. తెల్లవారి చూస్తే మొదటి గొట్టాల్లో డ్యుటీరియం బాగానే ఉంది, చివరి వాటిలో సగానికి సగం లేదు. వేడెక్కిన గొట్టాల్లో డ్యుటీరియం మళ్లీ మామూలు హైడ్రోజన్‌కు చోటు ఇచ్చి వెళ్లిపోయింది. ప్రోటీన్ సమయంతోపాటు మరింత బిగుసుకుంటోందని ఆ అంకెలు చెబుతున్నాయి. కాసేపు నమ్మాను కూడా. గురువుగారు కాగితం చూసి ప్రోటీన్ గురించి అడగలేదు, 'ఐసు ఎప్పుడు మార్చావు?' అన్నారు. అంతా జాగ్రత్తగా చేసినా కొంత నష్టం తప్పదు. అందుకే పూర్తిగా డ్యుటీరియం ఎక్కించిన నమూనా ఒకటి పక్కన పెట్టి, అది ఎంత పోగొట్టుకుందో చూసి లెక్క సరిచేస్తారు.

ఒక్కోసారి ఒక శిఖరం రెండుగా చీలుతుందంటారు, అదేమిటి?

నాకు ఈ పద్ధతి మీద మోజు పుట్టింది ఇక్కడే. ఒక ముక్క బరువును కాలంతో గీస్తూ పోతే మామూలుగా ఒకే మూపురం మెల్లగా కుడివైపు జరుగుతుంది. అంటే ఆ భాగం క్షణకాలం తెరుచుకుని, ఒకటో రెండో మార్చుకుని, మళ్లీ మూసుకుంటోంది. అన్ని అణువులూ కలిసి కొంచెం కొంచెం బరువెక్కుతున్నాయి.

కొన్ని ప్రోటీన్లలో అలా జరగదు. తేలిక మూపురం ఉన్నచోటే నిలబడి తగ్గుతుంది, దూరంగా బరువైన మూపురం ఇంకొకటి లేచి పెరుగుతుంది. మధ్యలో ఎవరూ ఉండరు. అంటే ఆ భాగం మొత్తం ఒకేసారి తెరుచుకుంది, మూసుకునే లోపే అన్ని చోట్లా డ్యుటీరియం ఎక్కేసింది. తెరుచుకున్న అణువులు ఇన్ని, ఇంకా తెరుచుకోనివి ఇన్ని అని విడివిడిగా లెక్కపెట్టవచ్చు. కాంతిని కొలిచే చాలా పద్ధతులు సగటు చెబుతాయి. సగం మంది నిలబడి సగం మంది కూర్చుంటే, అందరూ సగం వంగి ఉన్నారని చెప్పినట్టు ఉంటుంది ఆ సగటు. తరాజు మాత్రం రెండు గుంపులనూ వేరుగా చూపిస్తుంది. మన దేశంలో జయంత్ ఉద్గావ్కర్ బెంగళూరులో, తరువాత పుణెలో మడతల దారుల మీద చేసిన పనిలో ఈ పద్ధతికి పెద్ద చోటు ఉంది. మడతల గురించి చదవాలనుకునేవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

భారజలం ప్రమాదం కాదా? అణు కర్మాగారాల్లో వాడేది కదా?

రేడియోధార్మికత లేదు. ప్రయోగానికి వాడేది చుక్కలే. అదేమీ దూరదేశపు సరుకూ కాదు: ఒడిశాలోని తాల్చేరులో, తెలంగాణలోని మణుగూరులో భారజల కర్మాగారాలు వెలిశాయి.

మా మగ్గం మీది పట్టు కూడా ప్రోటీనేనా? దాన్ని తూచవచ్చా?

బరంపురంలో నేతవారింటి కుర్రవాడి ప్రశ్న ఇది. అవును, పట్టు అచ్చమైన ప్రోటీన్. పట్టు పోగుకు రంగు వేసే ముందు సోడా, సబ్బు నీళ్లలో ఉడికించి తీసేసే జిగురు సెరిసిన్ అనే ప్రోటీన్. మిగిలే పోగు ఫైబ్రాయిన్. అందులో సుమారు 3,90,000 డాల్టన్ల బరువైన గొలుసు ఒకటి, 26,000 డాల్టన్ల తేలిక గొలుసు ఒకటి గంధకం బంధంతో కలిసి ఉంటాయి. పురుగు గ్రంథిలో అది ద్రవం, బయటికి లాగేసరికి తీగ. అంత తక్కువ సమయంలో, మామూలు వేడిమిలో, అంత బలమైన కూర్పును చేయడం మనిషికి ఇంకా కష్టమే. ఇక తూచడం కష్టమే: పోగు నీటిలో కరగదు. గాఢమైన లిథియం బ్రోమైడ్‌లో కరిగించి, ఆ ఉప్పు తీసేసి, ముక్కలు చేసి తూస్తారు. ఉప్పు మిగిలితే తుంపర పద్ధతి మొరాయిస్తుంది. ఆ కుర్రవాడు 'మా నాన్న జిగురు పోయిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పేస్తారు' అన్నాడు. ఆ చేతికి నా యంత్రంతో పనిలేదు.

సికిల్ సెల్‌కూ దీనికీ సంబంధం ఏమిటి?

రాయగడ, కోరాపుట్ నుంచి అటు గడ్చిరోలి దాకా ఈ జబ్బు ఉన్న ఇళ్లు మనకు తెలుసు. కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటిస్తాను. సికిల్ సెల్ అంటే కూర్పు దారితప్పడమే. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. అది హిమోగ్లోబిన్ అణువు మడతను పాడుచేయదు. కానీ ఆక్సిజన్ వదిలిన తరువాత, నీరంటే గిట్టని ఆ వాలీన్ పక్క అణువులోని ఒక గుంటలో చక్కగా ఇమిడిపోతుంది. ఒకటి వెంట ఒకటి అతుక్కుని 14 పోగులు పెనవేసిన తాడులా పెరిగి, ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తుంది. ఇది అణువు స్థాయి జబ్బని లైనస్ పౌలింగ్ బృందం 1949లో చెప్పింది. తేడా ఎక్కడుందో వెర్నన్ ఇంగ్రామ్ 1956 నుంచి ముక్కలు కోసి చూసి పట్టుకున్నాడు.

యంత్రంలో ఇది ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే, ఆమ్లంతో గొలుసులను విడదీసి తూచితే మామూలు బీటా 15,867 దగ్గర, సికిల్ బీటా 15,837 దగ్గర నిలబడతాయి. తేడా 30. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే లక్షణం వచ్చినవారి రక్తంలో రెండు శిఖరాలూ పక్కపక్కనే ఉంటాయి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కోస్తే బీటా గొలుసు మొదటి ముక్కలో 8 అమైనో ఆమ్లాలు: వాలీన్, హిస్టిడీన్, లూసీన్, థ్రియోనీన్, ప్రోలీన్, రెండు గ్లూటామిక్ ఆమ్లాలు, లైసీన్. ఒక ఆవేశంతో అది 952.5 దగ్గర వస్తుంది, సికిల్ అయితే 922.5 దగ్గర. అయితే ప్రతి హిమోగ్లోబిన్ మార్పూ ఇంత మర్యాదగా ఉండదు. హిమోగ్లోబిన్ ఇ, సి, డి పంజాబ్ మూడింటికీ మామూలు బీటాతో తేడా దాదాపు 1 డాల్టనే. గొలుసు మొత్తం తూచి వాటిని విడదీయాలంటే తలనొప్పే, ముక్కలు చేయాల్సిందే.

అయితే ఆ తాళ్లు పెరగడం యంత్రంలో చూడవచ్చా?

నేరుగా చూడలేం. ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ శరీర ఉష్ణోగ్రత దగ్గర డెసిలీటరుకు సుమారు 16 గ్రాములు దాటితేనే తాళ్లు కడుతుంది. ఎర్రకణంలో 33 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి అక్కడ కడుతుంది. తుంపర సూదిలో మనం పెట్టేది దానికి వందల రెట్లు పలుచన. అక్కడ నాలుగు గొలుసుల కూర్పు, అది విడిపోయిన జంట, ఒంటరి గొలుసు కనిపిస్తాయి, తాడు కనిపించదు. తాడు కట్టిన తరువాత ఏ భాగం దాక్కుంది అన్నది మాత్రం భారజలం పద్ధతితో అడగవచ్చు. 'మాస్ స్పెక్‌లో సికిల్ తాళ్లు చూశాం' అని ఎవరైనా అంటే ఎంత గాఢతలో చూశారో అడగండి.

మా ఇంట్లో సికిల్ సెల్ అనుమానం ఉంది. ఈ పరీక్ష చేయించుకోవాలా?

అక్కర్లేదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ముందు చిన్న రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే హెచ్‌పీఎల్‌సీ, ఎలెక్ట్రోఫోరెసిస్ అనే ల్యాబ్ పరీక్షల్లో ఒకదానితో నిర్ధారిస్తారు. ఆశా అక్కను అడగండి. ఈ పేజీ చూసి హైదరాబాదు రైలెక్కవద్దు.

శూన్యంలోకి వెళ్లాక ప్రోటీన్ ఆకారం నిలుస్తుందా? నీరే లేదు కదా?

ఇరవై ఏళ్ల పాటు వాదించుకున్న ప్రశ్న ఇది. నీరంటే గిట్టకపోవడం అన్న బలం నీరు లేనిచోట పనిచేయదు, విద్యుదాకర్షణలు మాత్రం ఇంకా బలపడతాయి. ప్రోటీన్ యంత్రంలో ఉండేది తక్కువసేపే, కాబట్టి పూర్తిగా తలకిందులయ్యే లోపే తూకం అయిపోతుంది. 14 గొలుసుల గ్రోఈఎల్, అంటే ఇతర ప్రోటీన్ల మడతకు సాయపడే పెద్ద పీపాలాంటి కూర్పు, సుమారు 8 లక్షల డాల్టన్ల బరువుతో చెదరకుండా వస్తుంది. హెపటైటిస్ బీ వైరస్ తొడుగు, 240 ప్రోటీన్లది, 40 లక్షల డాల్టన్ల దగ్గర తూగింది. ఎన్ని గొలుసులు కలిశాయన్న దానికి నేను శూన్యంలో తూచినదాన్ని నమ్ముతాను. గొలుసు కొసల్లో ఏం జరుగుతోందన్న దానికి శూన్యాన్ని నమ్మను, భారజలంలో చేసిన పనిని నమ్ముతాను.

ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది కదా, ఇంకా ఇదంతా దేనికి?

ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ప్రోటీన్ చివరి ఆకారాన్ని చాలా బాగా ఊహిస్తుంది. దాని వెనుక ఉన్న డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024 రసాయనశాస్త్ర నోబెల్ పంచుకోవడం న్యాయమే. కానీ ఊరు ఎక్కడుందో చెప్పడం వేరు, దారిలో ఎక్కడ బండి ఆగింది, ఎంతమంది దిగిపోయారు అని చెప్పడం వేరు. మందు అంటుకున్నాక ప్రోటీన్ ఏ మూల బిగుసుకుంది, వందలో ఎన్ని అణువులు తెరుచుకున్నాయి అన్నవి ఇప్పటికీ కొలవాల్సిందే.

నమూనా ఎంత కావాలి?

కూర్పు తూచడానికి కొన్ని మైక్రోలీటర్లు చాలు. భారజలం పనికి ఎక్కువ. శుద్ధి చేయడానికి పట్టే వారాలతో పోలిస్తే తూకం నిమిషాల పని.

మా కాలేజీలో యంత్రం లేదు. ఏం చేయాలి?

ముందు పైన చెప్పిన లెక్కను కాగితం మీద ఐదు ప్రోటీన్లకు వేయండి. కెమిస్ట్రీ చదివేవారు జీవశాస్త్రం కొంత, జీవశాస్త్రం చదివేవారు పీహెచ్ లెక్కలు కొంత అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూల్లో జారేది ఆ రెండో గుంపే. హైదరాబాదులో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థకు మాస్ స్పెక్ట్రోమెట్రీలో దశాబ్దాల అనుభవం ఉంది, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ దాని పక్కనే. ఇప్పుడు మన బరంపురంలోనే ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఉంది, 2016లో మొదలైంది. వేసవి ప్రాజెక్టులకు రాసేటప్పుడు 'నాకు ఆసక్తి ఉంది' అని మాత్రమే రాయవద్దు. ఏ ప్రోటీన్, దాని బరువెంత, దాని గురించి ఏం తెలుసుకోవాలని ఉందో మూడు వాక్యాల్లో రాయండి.

నమూనాలు హైదరాబాదుకు ఎలా తీసుకెళ్లారు?

గోపాలపూర్ చేపలు పంపే థర్మోకోల్ పెట్టెలో, ఐసు నింపి, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో, సీటు కింద పెట్టుకుని. పలాస దగ్గర ఐసు నీళ్లు కొంచెం కారాయి. ఎదుటి సీటు పెద్దాయన కాళ్లు పైకి తీసుకుని 'బాబూ, చందువలా, పండుగప్పా?' అన్నారు. హిమోగ్లోబిన్ అన్నాను. 'ఎప్పుడూ తినలేదు' అన్నారు.